తుంచిపెట్టిన కొమ్మ

రండి, మంటకు కాస్త దగ్గరగా జరగండి. పొగ మీవైపు తిరిగితే ఈ పక్కకు వచ్చేయండి, అరుగు చాలా పొడవుంది. ఇది చిల్లకంప. మా మెట్ట భూముల్లో ఎవరూ నాటకుండానే పరుచుకుపోయిన చెట్టు. పంటకు చేటే గానీ పొయ్యికీ చలిమంటకూ దీన్ని మించిన కట్టె లేదు. నాలుగు మొద్దులు వేస్తే తెల్లవారిందాకా నిప్పు ఆరదు. సంక్రాంతి వెళ్లి వారమైంది, మర్రిపాడులో చలి మాత్రం ఇంకా వెళ్లలేదు. పొద్దు వెలిగొండల వెనక్కి జారిందంటే చాలు, కొండగాలి ఊళ్లోకి దిగుతుంది.

అదుగో, ఆ కదిలే దీపాలు లారీలవి. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వచ్చే 67వ నంబరు జాతీయ రహదారి మా ఊరు దాటి, కొండెక్కి, అవతల బద్వేలుకు దిగుతుంది. కృష్ణపట్నం రేవుకు పోయేవీ వచ్చేవీ రాత్రంతా ఆగవు. చిన్నప్పుడు ఆ దీపాలు చూస్తూ లోకమంతా కొండకు అవతలే ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇదే అరుగు మీద కూర్చుని ఎక్కడెక్కడివాళ్లకో వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. మధ్యాహ్నం అడిగారు కదా, ఈ కొండకింద కూర్చుని ఆ పని ఎట్లా చేస్తావని. ఆ పనిలో సగం నేర్పింది ఈ కొండే. టీ తాగండి, చెబుతాను.

మా జేజినాయనకు రెండు వందల గొర్రెలుండేవి. నెల్లూరు గొర్రెలే. ఒళ్లంతా తెలుపుంటే పల్ల అంటాం, మూతికీ కళ్లచుట్టూ కాటుక పెట్టినట్టు నలుపుంటే జొడిపి. దేశంలో ఇంత ఎత్తు పెరిగే గొర్రె మరొకటి లేదని పుస్తకాల్లో రాస్తారు. జేజినాయన ఎత్తు సంగతి పట్టించుకునేవాడు కాదు, "కాళ్లు చూడు, ఎంత దూరం నడస్తాయో" అనేవాడు. ఎండాకాలం మెట్టమీద పచ్చిక మాడిపోతే మందను కొండవాలు దాకా తోలుకుపోవాల్సిందే. నాకు తొమ్మిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మొదటిసారి వెంటబెట్టుకుపోయాడు.

ఆయన ముందు, మంద మధ్యలో, నేను వెనక. దారి రెండుగా చీలినచోటల్లా ఒక పచ్చి కొమ్మ తుంచి, తుంచిన మొదలు తను పోయిన వైపుకు ఉండేట్టు నేలమీద పెట్టి పోయేవాడు. నేను వెనకబడినా ఆ కొమ్మ చూసుకుని నడిచేవాణ్ణి. కొన్నిచోట్ల కొమ్మకు బదులు దారికి అడ్డంగా ముళ్లకంప ఉండేది. కంప పడిందంటే అటు పోకూడదని. ఒకరోజు కంప దాటి నాలుగడుగులు వేశాను. ఆయన వెనక్కి వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. అరవలేదు, కొట్టలేదు. చాలాదూరం పోయాక చెప్పాడు: "ఆ రాళ్లకింద ఎలుగు పిల్లల్ని పెట్టుకోనుండాదిరా అబ్బయ్యా. దాని పాటికి దాన్ని ఉండనీ. మనకు ఆడేం పని?"

ఆ కొమ్మా ఆ కంపా గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాయి.

నాయన కువైట్‌లో డ్రైవరుగా ఉండేవాడు. మర్రిపాడు, ఉదయగిరి, అటు బద్వేలు వైపు ఏ ఊరికి పోయినా కువైట్ డబ్బుతో లేచిన ఇల్లు ఒకటైనా చూపిస్తారు. ఫోను చేస్తే నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులు. 2004లో నేను ఆత్మకూరులో ఇంటర్ చదువుతూ, బస్సు చార్జీలో మిగిల్చిన డబ్బుతో నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. అక్కడే ఒక సంగతి కంటబడింది. ఏ పేజీ మీదైనా మౌసు కుడి బటను నొక్కి అడిగితే, దాని వెనకున్న రాతంతా చూపించేది. ఎవరు ఎట్లా కట్టారో ఇటుక ఇటుకగా చూడొచ్చు. నాకు గురువంటూ ఎవరూ లేరు, ఆ రాతలే గురువులు.

వెబ్ అనేదాన్ని ఊహించినవాడు టిమ్ బెర్నర్స్-లీ. 1989లో, స్విట్జర్లాండులోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఆ ఆలోచన కాగితం మీద పెట్టాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ, దీన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. ఆ దారికి సుంకం గేటు పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోగలిగేవాళ్లే. పెట్టి ఉంటే ఆత్మకూరులో కూర్చున్న గొర్రెలకాపరి మనవడి దాకా ఆ రాతలు వచ్చేవి కావు. ఆ తేదీ ఎప్పుడు గుర్తొచ్చినా, చీలిక దగ్గర వంగి కొమ్మ పెడుతున్న జేజినాయన వీపు కళ్లముందు ఆడుతుంది.

నేను మొట్టమొదట చేసిన పేజీ నాయన కోసం. చెరువులో నీళ్లు ఎంతమేర ఉన్నాయి, ఎవరింట్లో పెళ్లి, ఏ గొర్రె ఈనింది, జేజి మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది. ఆయనకు ఇంగ్లీషు రాదు గనక తెలుగులోనే కొట్టాను. రెండ్రోజులకు ఫోనొచ్చింది. "అబ్బయ్యా, నువ్వు పంపిందంతా డబ్బాలు డబ్బాలుగా ఉండాది. ఒక్క అచ్చరం లేదు."

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. చోటుంటే చాలదు, అక్షరం గీసి చూపించే ఫాంటు ఆ కంప్యూటర్లో ఉండాలి. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో గౌతమి ఫాంటు వచ్చింది. నాయన కూర్చున్నది అంతకుముందరి పాత పెట్టె ముందు, అందులో తెలుగంటే ఖాళీ గళ్లే. సరే అని ఉత్తరం మొత్తాన్నీ బొమ్మగా మార్చి పెట్టాను. ఈసారి అక్షరాలు వచ్చాయి, పేజీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆ బొమ్మ బరువును అక్కడి లైను మోయలేకపోయింది. అరగంటకు డబ్బు కట్టి, సగం పేజీ చూసి లేచి వెళ్లిపోయాడు నాయన. ఆ సగంలో జేజి సంగతి లేదు.

ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఏ పేజీ చేసినా మొదట దాని బరువే చూస్తాను. కొండకింది పల్లెల్లో సిగ్నలు కోసం చెరువుకట్ట ఎక్కి నిలబడే మనిషిని ఊహించుకుంటాను. ఆ మనిషి ఫోనులో నా పేజీ తెరుచుకోవాలి. ఎంత అందమైన ఫొటో అయినా అందుకు అడ్డమైతే తీసేస్తాను. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసినప్పుడు ఈ పట్టుదల చూసి పక్కసీటు వాళ్లు విసుక్కునేవాళ్లు. పోనీలెండి, నాయన చూసిన సగం పేజీ వాళ్లు చూడలేదు కదా.

తెలుగు అక్షరం మాట ఎత్తితే నేను ఆగను, మీరే ఆపాలి. ఇంగ్లీషుకు సరిపోయేంత ఎడం వరుసల మధ్య ఉంచితే మనకు చాలదు. మనకు పైన తలకట్లూ గుడులూ, కింద ఒత్తులూ. "రాష్ట్రం" అని రాసి చూడండి, కింద రెండు ఒత్తులు కూడతాయి. పైవరుస ఒత్తు కిందివరుస గుడికి తగిలిందంటే చదివే కన్ను అక్కడ తట్టుకుని పడుతుంది. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది, గుర్తుందా? "జ్ఞా" అనే అక్షరంలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరి ఐఫోన్‌కు మెసేజీగా వస్తే, ఆ మెసేజీ తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ సంస్థ హడావుడిగా సరిచేసి కొత్త కూర్పు విడుదల చేసింది. అందరూ నవ్వుకుంటూ ఒకరికొకరు పంపుకున్నారు. నాకు బాధేసింది. తెలుగు చదివే మనిషి ఒక్కరు ముందుగా ఆ కలయిక రాసి చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అప్పటినుంచి నేను చేసిన ప్రతి పేజీలో స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం, ఉత్సాహం అని వరసగా రాసి చూసుకున్న తర్వాతే ఇస్తాను.

ఒక ఫాంటు పేరు శ్రీకృష్ణదేవరాయ. పురుషోత్ కుమార్ గుత్తుల చేసింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దాన్ని శీర్షికలకు వాడినప్పుడల్లా ఉదయగిరి దుర్గం తలపుకొస్తుంది. గజపతుల చేతిలోంచి 1514లో ఆ కోటను గెలుచుకున్నది ఆ రాయలే కదా, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు.

ఉదయగిరి అంటే గుర్తొచ్చింది, ఈ చెంచా చూడండి. మీ గ్లాసులో చక్కెర కలిపింది దీంతోనే. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఎక్కువగా ఆడవాళ్లే చెక్కుతారు. నర్ది కర్రతో చేస్తారు, కలివి కర్రతోనూ చేస్తారు. కలివి మీకు తెలుసు కదా, ముళ్లపొద. ఎండాకాలం నల్లటి పళ్లు కాస్తుంది, పాలు కారుతూ తియ్యగా ఉంటాయి. నా కథంతా ఆ పొద చుట్టూనే తిరుగుతుంది. ఆ పొదల్లో ఉండే పిట్ట పేరు కలివికోడి.

థామస్ జెర్డన్ అని, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన ఇంగ్లీషు డాక్టరు. పిట్టలంటే పిచ్చి. ఈ పిట్టను శాస్త్రలోకానికి చూపించింది ఆయనే, 1848లో దానికి శాస్త్రీయంగా పేరు పడింది. ఆయన పిట్టల బొమ్మల పుస్తకం 1847 నాటికి మద్రాసులో పూర్తయింది, యాభై రంగుల బొమ్మలతో. వాటిలో చాలావరకు మనదేశపు చిత్రకారులు వేసినవే. పుస్తకం మీద వాళ్ల పేర్లు పెద్దగా కనిపించవు. అందుకే నా పేజీల్లో ఫొటో తీసినవాళ్ల పేరు, బొమ్మ వేసినవాళ్ల పేరు కచ్చితంగా ఉండాలని పట్టుబడతాను.

1900 తర్వాత కలివికోడి ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లాకు వచ్చాడు. ఈ కొండ దాటితే బద్వేలు, దానికి అవతల లంకమల. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పిట్ట బొమ్మ వేసిన పోస్టర్లు పంచారు, తప్పిపోయిన మనిషి కోసం పంచినట్టు. పల్లెవాళ్లు ఆ బొమ్మను గుర్తుపట్టారు. ఇది కలివికోడి కదా, రాత్రిపూట తిరుగుతుంది అన్నారు. 1986 జనవరిలో ఒక రాత్రి, సరిగ్గా ఇట్లాంటి చలిలో, అక్కడి వేటగాడొకడు టార్చి వెలుతురులో దాన్ని పట్టుకున్నాడు. 86 ఏళ్ల తర్వాత! ఒక్క బొమ్మ, స్పష్టంగా వేసిన బొమ్మ, ఆ పని చేసింది. నా వృత్తి మీద నాకు ఎప్పుడైనా నమ్మకం సడలితే ఆ పోస్టరును తలుచుకుంటాను.

అయితే దొరికిన ఆ పిట్ట బతకలేదు. కొద్దిరోజుల్లోనే చచ్చిపోయింది. చూపించడంలో ఉన్న సంతోషమూ, అందులో ఉన్న ప్రమాదమూ రెండూ ఒకే వారంలో జరిగిపోయాయి. తర్వాత లంకమల అభయారణ్యమైంది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పిట్టలుండే పొదల మీదికి వచ్చినప్పుడు పరిశోధకులు, అటవీశాఖవాళ్లు అడ్డుపడ్డారు. చివరికి కాలువ దారి మార్చారు. గుప్పెడు పిట్ట కోసం కాలువ పక్కకు జరిగింది చూశారా, ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు.

ఇంకో ముచ్చట. ఆ పిట్టను పట్టుకోకుండా, బెదరగొట్టకుండా లెక్కపెట్టడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని చదునుగా పరిచేవాళ్లు. రాత్రి పిట్ట దాని మీద నడిచిపోతే తెల్లారి మూడువేళ్ల అడుగు అచ్చుపడి ఉంటుంది. అంతే. ఏ పిట్ట, ఎక్కడినుంచి వచ్చింది, దాని గూడెక్కడ, ఏదీ అడగరు. నేనూ నా పేజీలకు వచ్చేవాళ్లను అట్లాగే లెక్కపెడతాను. ఈ పేజీ దగ్గర ఇందరు ఆగారు, ఇందరు మధ్యలో లేచిపోయారు. నాకు కావలసింది అంతవరకే. వాళ్లెవరు, ఇంతకుముందు ఎక్కడ తిరిగారు, రాత్రి ఎన్నింటికి మేలుకుని ఉన్నారు అని వెంటబడే రాతను నా పేజీల్లో పెట్టనివ్వను. అది కావాలనే క్లయింట్లకు ముందే చెప్పేస్తాను.

ఇంకో మొద్దు వేయనా? ఇప్పుడు చెప్పబోయేది ఎక్కువమందికి చెప్పలేదు.

బెంగళూరులో ఉన్న రోజుల్లో, కొండలెక్కేవాళ్ల బృందం ఒకటి పేజీ చేసిపెట్టమంది. ఉత్సాహం కొద్దీ మా వెలిగొండల్లో నాకు తెలిసిన ఒక చెలమ దారంతా మ్యాపులో గీసి, చెలమ ఉన్న చోటు మీటర్లతో సహా గుర్తు పెట్టి ఇచ్చాను. ఎండాకాలం చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేనప్పుడు కణితులు అక్కడికే వచ్చి తాగేవి. చిన్నప్పుడు జేజినాయనతో కలిసి దూరంగా బండచాటున కూర్చుని చూసిన చోటది. పేజీ చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు ఊరికి వచ్చినప్పుడు జేజినాయనతో అటు పోయాను. ఆయనకు అప్పటికే ఎనభై దాటాయి, మంద అమ్మేసి రెండేళ్లయింది. చెలమ చుట్టూ ప్లాస్టిక్ సీసాలు. రాళ్లు పేర్చి వండుకున్న బూడిద. నీళ్లమీద నూనె తెట్టు. ఒడ్డున మట్టిలో మనుషుల బూట్ల అచ్చులు తప్ప డెక్కల గుర్తు ఒక్కటీ లేదు. నాకు నోట మాట రాలేదు. మ్యాపు గీసింది నేనేనని చెప్పాను. మ్యాపంటే ఏమిటో ఆయనకు పూర్తిగా అర్థమైందో లేదో గానీ, నా మొహం అర్థమైంది. ఏమీ అనలేదు. సీసాలన్నీ ఇద్దరం ఏరి గోతానికి ఎత్తుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు దారి చీలిక దగ్గర ఆగి, కత్తితో కంప కొట్టి, నా చేతికిచ్చాడు. నేనే అడ్డం వేయాలని.

ఆ రాత్రే ఆ మ్యాపు తీసేశాను. బృందం వాళ్లకు కారణం చెబితే ఒప్పుకున్నారు, మంచివాళ్లే. అప్పటికే కాపీలు తీసుకున్నవాళ్ల దగ్గర ఉన్నదాన్ని ఎవరు తీయగలరు?

ఆ తర్వాతే నాకు ఈ పనిలో రెండు కళ్లూ తెరుచుకున్నాయి. అంతవరకు కొమ్మలు పెట్టడమే నా వృత్తి అనుకున్నాను, కంప వేయడమూ అందులో సగమని అప్పుడు తెలిసింది. ఎర్రచందనం ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల కొండల్లో దొంగచాటుగా నరికేవాళ్లకు ఒక ఫొటో, దాన్ని ఎక్కడ తీశారో చెబుతూ దాంట్లో దాక్కుని ఉండే లొకేషను లెక్క చాలు. అందుకే అడవి ఫొటో ఏది పేజీలో పెట్టినా లోపల ఉన్న ఆ లెక్కను చెరిపేసి పెడతాను. మొన్నామధ్య ఒక విడిది యజమాని, మా వెలిగొండల పేజీలో ఎక్కడిదో పచ్చటి వానకారు అడవి ఫొటో పెట్టమన్నాడు. మా అడవి అట్లా ఉండదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి, ఎర్రగా, ముళ్లతో ఉంటుంది, ఈశాన్య రుతుపవనాలు వచ్చిన తర్వాత నాలుగు నెలలు పచ్చబడుతుంది. ఆ ఎండిన అందమే చూపిద్దాం, ఇష్టపడేవాళ్లే వస్తారు అన్నాను. ఆయనకు నచ్చలేదు, పని వేరేవాళ్లకు వెళ్లింది.

ఇంకొక క్లయింటు, చందా కట్టడానికి పెద్ద ఎర్ర బటను, మానుకోవడానికి ఎవరికీ కనబడని బూడిదరంగు అక్షరం పెట్టమన్నాడు. "ఇంకా రెండే మిగిలాయి" అని అబద్ధపు గడియారం కూడా. జేజినాయన గుర్తుల్ని తిరగేస్తే వచ్చేది అదే. బయటికి పోయే దారికి కంప వేసి, గోతివైపు కొమ్మ పెట్టడం. ఇట్లాంటి మాయల్లో 13 రకాలను గుర్తించి, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. ఆ కాగితం నా బల్ల సొరుగులో ఉంటుంది. అడిగినవాళ్లకు తీసి చూపిస్తాను, గొడవ లేకుండా మాట తెగుతుంది. ఆ బూడిదరంగు అక్షరానికైతే ఇంకో లెక్క కూడా ఉంది. మామూలు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. నాకు ఆ అంకె కంటే జేజి కళ్లు ఎక్కువ. పొర వచ్చిన కళ్లతో ఆమె నా ఫోనులో చదవగలిగిందే అక్షరం. ఇప్పుడు ఆమె లేదు. అయినా పేజీ పూర్తయ్యాక ఎండలో, అరుగు మీద, చేయి చాచి దూరంగా పట్టుకుని చూస్తాను, ఆమె చూసినట్టు.

నాయన కువైట్ నుంచి వచ్చేసి పదేళ్లయింది. లోపల పడుకుని ఉన్నాడు గానీ చెవులు ఇటే ఉంటాయి, రేపు మీతో తన వైపు కథ చెబుతాడు చూడండి.

చాలా రాత్రయింది. తెల్లవారుజామున 5 గంటలకు లేపుతాను. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోకూడదు, మనం కాపర్ల బాట పట్టి అడవి అంచు దాకానే పోయి వద్దాం. కలివికోడి కనబడుతుందని ఆశ పెట్టను, ఈ మధ్యకాలంలో అది ఇటు వైపు ఉందని ఎవరూ చెప్పలేదు. నెమళ్లు మాత్రం కచ్చితంగా కూస్తాయి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, కలివి ముల్లు లోతుగా దిగుతుంది. ఫోను తెచ్చుకున్నా లొకేషను కట్టేసి పెట్టుకోండి. నేను కొంచెం వేగంగా నడుస్తాను, అది జేజినాయన నడక. చీలిక దగ్గర మీరు వెనకబడితే కంగారుపడకండి, నేలమీద కొమ్మ చూసుకుని వచ్చేయండి.